పాత ప్రింటర్‌ను పారేసే ముందు... ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే దారులు

నంద్యాలలో గాంధీ చౌక్ చుట్టుపక్కల చిన్న ఆఫీసుల్లోకి తొంగి చూస్తే టేబుల్ పక్కన ఒక స్టూలు, స్టూలు మీద ఒక పాత లేజర్ ప్రింటర్, దుమ్ము పడకుండా దాని మీద కప్పిన తువ్వాలు కనిపిస్తాయి. ఉమ్రా ట్రావెల్స్ కావచ్చు, విత్తనాల ఏజెన్సీ కావచ్చు, స్కూలు ఆఫీసు కావచ్చు, మసీదు కమిటీ గది కావచ్చు. పని ఏదైనా ప్రింటర్లు మాత్రం ఎక్కువగా అవే రెండు మూడు మోడళ్లు. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, లేదంటే కెనాన్ ఎల్‌బీపీ 2900. కార్బన్ కాపీతో బిల్లులు కొట్టాల్సిన చోట టీవీఎస్ డాట్ మ్యాట్రిక్స్. ఆళ్లగడ్డకు పోయినా ఇదే కథ.

ఇలాంటి ఒక ఆఫీసును ఊహించుకుందాం. నంద్యాలలో పెద్ద ఆఫీసు, సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఆళ్లగడ్డలో చిన్న బ్రాంచి. నంద్యాలలో చాచా కూర్చుంటాడు, ఆళ్లగడ్డ పని అన్న కొడుకు చూసుకుంటాడు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆగిపోయింది కాబట్టి చాచా విండోస్ 11 ఉన్న కొత్త కంప్యూటర్ కొన్నాడు. ప్రింటర్ మాత్రం పక్క గదిలో పాత కంప్యూటర్‌కే తగిలించి ఉంది. నిన్నటిదాకా షేరింగ్‌లో వచ్చిన ప్రింటు ఈరోజు రావడం లేదు.

"ఏంది బేటా ఇది, వైరు ఏమన్నా ఊడిందా?"

"వైరు బాగానే ఉంది చాచా. కొత్త కంప్యూటర్ పాతదాన్ని నమ్మడంలా, అదీ సంగతి."

రిపేరుకు వచ్చిన మనిషి పది నిమిషాలు చూసి ఒకటే మాట చెబుతాడు: "ప్రింటర్ పాతదైపోయింది భాయ్, కొత్తది తీసుకో." చాలా ఆఫీసుల్లో కథ ఇక్కడే అయిపోతుంది. ఆ పిల్లోడు చెప్పిన మాటే నిజానికి దగ్గరగా ఉంది. ప్రింటర్ చెడిపోలేదు. రెండు కంప్యూటర్ల మధ్య నమ్మకం కుదరడం లేదు, అంతే. ఈ తేడా తెలియక పనిచేసే ప్రింటర్లు తూకానికి పోతున్నాయి.

కొత్త ప్రింటర్ ఖర్చు కొనేటప్పటితో తీరదు. 1020లో వాడే 12ఏ కార్ట్రిడ్జ్ ఒక్కోటి కంపెనీ లెక్క ప్రకారం సుమారు 2,000 పేజీలు ఇస్తుంది. దాంట్లో చిప్ ఉండదు. పౌడర్ నింపే కుర్రాడు ఊర్లోనే దొరుకుతాడు. ఇప్పుడు వచ్చే చాలా మోడళ్లలో కార్ట్రిడ్జ్‌కు చిప్ ఉంటుంది. కంపెనీ చిప్ కాకపోతే పనిచేయకుండా ఆపే ఏర్పాటు కూడా కొన్నిటిలో ఉంది. నెలకు వందల పేజీలు కొట్టే చిన్న ఆఫీసుకు ఇది చిన్న తేడా కాదు.

వంట ఒకచోట, వడ్డన ఒకచోట

1020 మార్కెట్లోకి వచ్చింది 2005లో. నిమిషానికి 14 పేజీలు, లోపల మెమరీ 2 ఎంబీ మాత్రమే. అంత తక్కువ మెమరీతో అది పేజీని సొంతంగా తయారు చేసుకోలేదు. పెద్ద ఆఫీసు ప్రింటర్లకు పీసీఎల్, పోస్ట్‌స్క్రిప్ట్ లాంటి భాషలు వస్తాయి. "ఇక్కడ ఈ అక్షరం పెట్టు, అక్కడ ఆ గీత గియ్యి" అని కంప్యూటర్ చెబితే అవి అర్థం చేసుకుని పేజీ తయారు చేస్తాయి. 1020కి అంత తెలివి లేదు. పేజీ మొత్తాన్ని కంప్యూటరే చుక్కలుగా మార్చి పంపాలి. దావత్‌లో చూడండి, దేగ్ దగ్గర వంట చేసేది బావర్చీ, పళ్లెంలోకి వడ్డించేది ఇంకో కుర్రాడు. 1020 ఆ వడ్డించే కుర్రాడు. వంట అంతా కంప్యూటర్‌లోని డ్రైవర్ చేస్తుంది.

దీనికి ఇంకో విచిత్రం కూడా ఉంది. ప్రింటర్‌ను నడిపించే లోపలి ప్రోగ్రాం కూడా 1020లో నిలవ ఉండదు. స్విచ్ వేసిన ప్రతిసారీ డ్రైవర్ ఆ ప్రోగ్రాంను యూఎస్‌బీ వైరు ద్వారా లోపలికి పంపుతుంది. అందుకే ఆన్‌లైన్‌లో దొరికే చిన్న "యూఎస్‌బీ ప్రింట్ సర్వర్" డబ్బాలు కొని తగిలించి, ఇది పనిచేయడం లేదని తిట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ డబ్బాకు సరుకు మోయడం తెలుసు, వంట రాదు. ఇంటర్నెట్ రౌటర్ వెనక ఉండే యూఎస్‌బీ రంధ్రం సంగతీ అంతే. చాలా రౌటర్లలో అది పెన్‌డ్రైవ్ కోసం పెట్టింది. 1020, 1018, పీ1007, పీ1008 లాంటి వాటి కోసం డబ్బా కొనే ఆలోచన ఉంటే మానుకోవడం మంచిది.

కాబట్టి మొదటి పని ప్రింటర్‌ను వెనక్కి తిప్పి చూడడం. ఇంటర్నెట్ కేబుల్ పట్టే రంధ్రం, అంటే ల్యాన్ పోర్టు, ఉందా? మోడల్ పేరు చివర "ఎన్" గానీ "డీఎన్" గానీ ఉంటే సాధారణంగా ఉంటుంది. 1022ఎన్, పీ1606డీఎన్ లాంటివి ఈ రకం. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఈ ఒక్క అక్షరం చూసి కొంటే సగం తలనొప్పి ఉండదు.

ల్యాన్ పోర్టు ఉంటే పని తేలిక. కేబుల్‌తో రౌటర్‌కు కలపాలి. ప్రింటర్ నుంచి కాన్ఫిగరేషన్ పేజీ తీస్తే ఐపీ నెంబరు కనపడుతుంది. ఆ నెంబరు 169.254తో మొదలైతే రౌటర్ నుంచి ప్రింటర్‌కు నెంబరు అందలేదని అర్థం, కేబుల్ చూసుకోవాలి. 192.168తో మొదలైతే బాగున్నట్టే. తర్వాత కంప్యూటర్‌లో ప్రింటర్‌ను కలిపేటప్పుడు విండోస్ తనంతట తాను చూపించేదాన్ని తీసుకోకుండా "టీసీపీ/ఐపీ" పోర్టు ఎంచుకుని ఆ నెంబరు కొట్టాలి. విండోస్ తనకు తాను పెట్టుకునే డబ్ల్యూఎస్‌డీ పోర్టు కొన్నాళ్లకు "ఆఫ్‌లైన్" అని మొండికేయడం మామూలే.

ఇక్కడ ఎండాకాలం గురించి కూడా చెప్పుకోవాలి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రౌటర్ అందరికీ నెంబర్లు మళ్లీ పంచుతుంది. నిన్న ప్రింటర్‌కు ఉన్న నెంబరు ఈరోజు ఎవరి ఫోన్‌కో పోవచ్చు. అప్పుడు ప్రింటర్ ఆన్‌లోనే ఉంటుంది, కంప్యూటర్ మాత్రం లేదంటుంది. రౌటర్ సెట్టింగ్స్‌లో ప్రింటర్‌కు ఒకే నెంబరు ఖాయం చేయవచ్చు. "డీహెచ్‌సీపీ రిజర్వేషన్" అనే చోట ఇది ఉంటుంది. ఒకసారి చేస్తే మళ్లీ చూసే పని లేదు.

యూఎస్‌బీ ఒక్కటే ఉంటే

మన ఊర్లలో ఎక్కువమందిది ఈ పరిస్థితే. ప్రింటర్‌ను ఏదో ఒక కంప్యూటర్‌కు తగిలించి, దాని ద్వారా మిగతావాళ్లకు షేర్ చేయాలి.

ఏ కంప్యూటర్‌కు తగిలించాలి? చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. పాత కంప్యూటర్‌ను ప్రింటర్ కోసం వదిలేసి, కొత్తదాన్ని యజమాని తీసుకుంటాడు. తిప్పి చేయాలి. విండోస్ 11 ఉండి, అప్‌డేట్లు వస్తూ, ఆఫీసు తెరిచినప్పటి నుంచి మూసేదాకా ఆన్‌లో ఉండే కంప్యూటర్‌కే ప్రింటర్ తగిలించాలి. పాతది దాని దగ్గర ప్రింటు అడుక్కోవాలి. దానికి నిద్రపోయే సెట్టింగ్, అంటే స్లీప్, తీసేయాలి. కంప్యూటర్ పడుకుంటే ప్రింటర్ కూడా పడుకున్నట్టే. యూఎస్‌బీ వైరు 5 మీటర్లు దాటకూడదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పక్క గదికి పొడుగు వైరు లాగి ప్రింటు రాలేదంటే తప్పు ప్రింటర్‌ది కాదు. ల్యాన్ కేబుల్ అయితే 100 మీటర్ల దాకా పోతుంది.

డ్రైవర్ విషయం. విండోస్ 11లో 32 బిట్ రకం లేదు, అంతా 64 బిట్. డబ్బాలో వచ్చిన పాత ఎక్స్‌పీ కాలం సీడీ ఇక పనికిరాదు. కంపెనీ సొంత వెబ్‌సైట్ నుంచి 64 బిట్ డ్రైవర్ దించుకోవాలి. గూగుల్‌లో ముందు కనపడే "డ్రైవర్ అప్‌డేటర్" ప్రకటనల జోలికి పోవద్దు. ఇంకో మెలిక ఉంది. ఇప్పుడు స్నాప్‌డ్రాగన్ చిప్‌తో విండోస్ లాప్‌టాప్‌లు వస్తున్నాయి. మామూలు ఇంటెల్, ఏఎండీ కోసం రాసిన ప్రింటర్ డ్రైవర్ వాటిలో పనిచేయదు. ఆఫీసులో 1020 ఉంటే లాప్‌టాప్ కొనేముందే ఇది చూసుకోవాలి.

ఇక షేరింగ్. ప్రింటర్ తగిలించిన కంప్యూటర్‌లో నెట్‌వర్క్‌ను "ప్రైవేట్" అని పెట్టాలి. "పబ్లిక్" అని ఉంటే అది బస్టాండ్ వైఫై అనుకుని ఎవరికీ కనపడకుండా దాక్కుంటుంది. అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రెండూ ఆన్ చేయాలి. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ అన్న పేజీకి పోయి టిక్కు పెట్టి, ఖాళీలు లేని చిన్న పేరు ఇవ్వాలి. "హెచ్‌పీ1020" చాలు.

ఇంతవరకు అందరూ చేస్తారు. ఆగిపోయేది దీని తర్వాత. పక్క కంప్యూటర్ నుంచి తెరవబోతే యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. "మాకు పాస్‌వర్డే లేదు కదా" అంటారు. సమస్య అక్కడే ఉంది. పాస్‌వర్డ్ లేని అకౌంట్‌తో నెట్‌వర్క్ మీద నుంచి లోపలికి రావడానికి విండోస్ మామూలుగా ఒప్పుకోదు. ముందు గెస్ట్‌గా వచ్చేవాళ్లకు కొన్ని చోట్ల తలుపు తెరిచి ఉండేది. విండోస్ 11 ప్రో 24హెచ్2 వెర్షన్‌తో ఆ తలుపు కూడా మూసేశారు. కొత్త కంప్యూటర్ పాతదాన్ని నమ్మడం లేదంటే అర్థం ఇదే.

మందు తేలికైనదే. ప్రింటర్ తగిలించిన కంప్యూటర్‌లో "ప్రింట్" అనే పేరుతో ఒక కొత్త లోకల్ అకౌంట్ తెరవాలి. దానికి అడ్మిన్ హక్కులు ఇవ్వొద్దు, పాస్‌వర్డ్ మాత్రం తప్పకుండా పెట్టాలి. పక్క కంప్యూటర్‌లో విండోస్ గుర్తు కీతో పాటు ఆర్ నొక్కి, రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి మొదటి కంప్యూటర్ పేరు రాస్తే తలుపు తెరుచుకుంటుంది. అక్కడ ఈ కొత్త పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి "గుర్తుంచుకో" మీద టిక్కు పెట్టాలి. లోపల ప్రింటర్ బొమ్మ కనపడుతుంది, దాని మీద రెండుసార్లు నొక్కితే కలిసిపోతుంది. నూటికి ఎన్నో కేసుల్లో పని ఇంతటితో అయిపోతుంది.

చివర 11బి అని వస్తే

కాకపోతే ఒక ఎర్రర్ వస్తుంది. పొడుగ్గా సున్నాలు ఉండి చివర 11బి అనో, 709 అనో ఉంటుంది. దీని వెనక చిన్న చరిత్ర ఉంది. 2021 వేసవిలో విండోస్ ప్రింటింగ్ వ్యవస్థలో పెద్ద లోపం ఒకటి బయటపడింది. దానికి ప్రింట్‌నైట్‌మేర్ అని పేరు పెట్టారు. ప్రింటర్ డ్రైవర్ అనే నెపంతో దొంగ ప్రోగ్రాంను కంప్యూటర్‌లోకి ఎక్కించి మొత్తం హక్కులు లాక్కోవచ్చన్నది దాని సారం. మైక్రోసాఫ్ట్ ఆ జూలైలో అత్యవసరంగా మరమ్మతు ఇచ్చింది. సపోర్టు ముగిసిన విండోస్ 7కు కూడా ఇచ్చిందంటే ఎంత భయపడిందో అర్థం చేసుకోవచ్చు. ఆగస్టు నుంచి నెట్‌వర్క్ మీద డ్రైవర్ ఎక్కించాలంటే అడ్మిన్ హక్కు తప్పనిసరి చేసింది. సెప్టెంబర్ అప్‌డేట్ తర్వాత రెండు కంప్యూటర్ల మధ్య మాటలు గుట్టుగా సాగాలన్న నియమం అమల్లోకి వచ్చింది. ఒకదానికి అప్‌డేట్ ఉండి ఇంకోదానికి లేకపోతే వచ్చేదే ఆ 11బి. 709 మీద ఫిర్యాదులు విండోస్ 11 22హెచ్2 తర్వాత పెరిగాయి. ప్రింటు కోసం రెండు కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతి ఆ వెర్షన్‌లో మారింది.

యూట్యూబ్‌లో దీనికి వందల వీడియోలు ఉన్నాయి. చాలావాటిలో చెప్పేది ఒకటే: రిజిస్ట్రీలో ఫలానా విలువను సున్నా చెయ్యి, లేదంటే అప్‌డేట్ తీసేయ్, ఫైర్‌వాల్ ఆపేయ్. చేస్తే ప్రింటు వస్తుంది, అబద్ధం కాదు. కానీ ఇంటికి తాళం బిగుసుకుందని తలుపే పీకి పక్కన పెట్టడం లాంటిది అది. ముందు రెండు కంప్యూటర్లకూ అప్‌డేట్లన్నీ వేసి చూడాలి. అప్పటికీ రాకపోతే, తలుపు పీకకుండా ఇంకో దారి ఉంది.

పక్క కంప్యూటర్‌లో కూడా అదే డ్రైవర్‌ను ముందే ఎక్కించుకోవాలి. 1020 అయితే ఒకసారి ప్రింటర్‌ను ఎత్తుకొచ్చి దానికి తగిలించి ఒక పేజీ తీసి, మళ్లీ దాని చోట పెట్టేయడం సులువు. తర్వాత ప్రింటర్‌ను చేత్తో కలిపే ఆప్షన్‌లో "క్రియేట్ ఎ న్యూ పోర్ట్", దాంట్లో "లోకల్ పోర్ట్" ఎంచుకోవాలి. పోర్టు పేరు అడిగిన చోట రెండు బ్యాక్‌స్లాష్‌లు, కంప్యూటర్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, ప్రింటర్ షేర్ పేరు కొట్టాలి. డ్రైవర్ జాబితాలో ముందే ఎక్కించింది ఎంచుకోవాలి. ఇప్పుడు డ్రైవర్ నెట్‌వర్క్ మీద నుంచి రావాల్సిన అవసరమే లేదు. తయారైన పేజీ ఒక్కటే అటు పోతుంది. చాలాసార్లు 11బి, 709 రెండూ దీంతో పోతాయి. పాస్‌వర్డ్ ఉన్న ఆ "ప్రింట్" అకౌంట్‌తో ముందే ఒకసారి లోపలికి వెళ్లి ఉండాలి, అది మర్చిపోతే ఇదీ పనిచేయదు.

24హెచ్2లో "విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్" అని ఒకటి కనపడుతుంది. పేరు బాగుంది కదా అని ఆన్ చేస్తే కంపెనీల సొంత డ్రైవర్లన్నీ పక్కకు పోతాయి, వాటితో పాటు 1020 కూడా. పాత ప్రింటర్ ఉన్నవాళ్లు దాన్ని ముట్టుకోవద్దు.

ప్రింటరే కదా అనుకుంటే

"మన ఆఫీసులో దోచుకునేది ఏముంది" అన్న మాట తరచూ వినపడుతుంది. బిల్లులు, పాస్‌పోర్టు కాపీలు, ఆధార్ జిరాక్సులు, పిల్లల మార్కుల లిస్టులు ఉన్న కంప్యూటరే ప్రింటర్‌కు కూడా తగిలించి ఉందని మర్చిపోతారు. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకులో జరిగింది ఈ సందర్భంలో చెప్పుకోదగ్గది. విదేశీ చెల్లింపుల సందేశాలు ఆ బ్యాంకులో ఒక ప్రింటర్‌లో వాటంతట అవే అచ్చయ్యేవి. ఒక శుక్రవారం, అక్కడ సెలవు రోజు, ఆ ప్రింటర్ పనిచేయలేదు. ప్రింటర్ మొండికేయడం మామూలే కదా అనుకున్నారు. దాన్ని ఆపింది దొంగలు. తాము పంపిన చెల్లింపుల ఆనవాలు బయటపడకుండా అలా చేశారు. వంద కోట్ల డాలర్లకు దగ్గరగా లాగడానికి ప్రయత్నం జరిగింది, 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీన్స్‌కు చేరిపోయాయి.

2017 ఫిబ్రవరిలో ఇంకో తమాషా జరిగింది. ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టి ఉన్న లక్షన్నర ప్రింటర్లలో ఒక హ్యాకర్ తన సందేశాన్ని అచ్చేయించాడు. హెచ్చరించడానికే చేశానన్నాడు. ఆ ప్రింటర్లు దొరికిపోయింది ఎందుకంటే, బయటి నుంచి ప్రింటు తీసుకోవడానికి ఎవరో రౌటర్‌లో పోర్టు తెరిచి వదిలేశారు.

ఆళ్లగడ్డ బ్రాంచి ప్రశ్న ఇక్కడికే వస్తుంది. నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డాక కలెక్టరేట్ పనులన్నీ నంద్యాలకు మారాయి. కాగితాలు ఇక్కడ తయారవుతాయి, సంతకాలు అక్కడ కావాలి. "నంద్యాలలో నొక్కితే ఆళ్లగడ్డ ప్రింటర్‌లో రావాల" అని అడగడం సహజం. ఒకే ఆఫీసులో ఉన్నట్టు రెండు ఊర్ల ప్రింటర్లు కలవవు, ఎందుకంటే రెండు చోట్లా రెండు వేరే రౌటర్లు, రెండు వేరే నెట్‌వర్క్‌లు. కలపాలంటే వీపీఎన్ అనే గుట్టు దారి వేసుకోవాలి. తెలిసినవాళ్లతో పెట్టించుకుంటే అది బాగానే పనిచేస్తుంది. రౌటర్‌లో ప్రింటర్ కోసం 9100 పోర్టు బయటికి తెరిచి ఇస్తానని ఎవరన్నా అంటే మాత్రం వద్దనాలి. 2017లో లక్షన్నర మందికి జరిగింది అదే.

రోజుకు పదీ ఇరవై కాగితాలే అయితే వీపీఎన్ కూడా ఎక్కువే. పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపితే ఆళ్లగడ్డలో పిల్లోడు నొక్కుతాడు. దీన్ని చిన్నతనంగా అనుకోవాల్సిన పని లేదు.

పీడీఎఫ్ అన్నది ఊరికే కాదు. నికానామా, పెళ్లి కార్డు ఇన్‌పేజ్‌లో ఉర్దూలో చేస్తారు. తెలుగు కరపత్రం అను ఫాంట్లలో చేస్తారు. ఆ ఫైలును అలాగే ఇంకో కంప్యూటర్‌కు పంపితే, అక్కడ ఆ ఫాంట్ లేకపోతే, పెళ్లికొడుకు పేరు గీతలు, గళ్లుగా మారిపోతుంది. ఫాంట్లతో సహా పీడీఎఫ్ చేస్తే అక్షరం చెదరదు. ఒకే ఆఫీసులో షేరింగ్ ద్వారా నేరుగా ప్రింటు కొడితే ఈ బాధ సాధారణంగా ఉండదు. పేజీ తయారయ్యేది నొక్కిన కంప్యూటర్‌లోనే కాబట్టి దాంట్లో ఉన్న ఫాంటే వస్తుంది.

మూడో దారి

ఫోన్ల నుంచి కూడా ప్రింటు కావాలి, కంప్యూటర్ ఎప్పుడూ ఆన్‌లో పెట్టలేం అనేవాళ్లకు ఇంకో దారి ఉంది. మూలన పడేసిన పాత కంప్యూటర్‌కు గానీ, అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై బోర్డుకు గానీ లైనక్స్ ఎక్కించి ప్రింటర్‌ను దానికి తగిలించడం. లైనక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే కప్స్ అనే ప్రోగ్రాం ఉచితం. 1999 నుంచి ఉంది, యాపిల్ కంప్యూటర్లలో కూడా ప్రింటింగ్ చూసుకునేది ఇదే. 1020 కోసం లైనక్స్ అభిమానులు సొంతంగా రాసిన ఫూ2జెడ్‌జేఎస్ అనే డ్రైవర్ ఉంది. స్విచ్ వేసినప్పుడల్లా లోపలి ప్రోగ్రాం ఎక్కించే పని కూడా అది చూసుకుంటుంది. ఇలా పెడితే బావర్చీ పని ఆ చిన్న డబ్బాకు పోతుంది. మిగతా కంప్యూటర్లకు, ఫోన్లకు అది ఆధునిక నెట్‌వర్క్ ప్రింటర్‌లా కనపడుతుంది. ఏ డ్రైవరూ అడగదు, స్నాప్‌డ్రాగన్ లాప్‌టాప్ కూడా ప్రింటు తీస్తుంది.

పెట్టడానికి మాత్రం కాస్త ఓపిక కావాలి. ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఉంటే ఒక ఆదివారం పని, ఆడపిల్లలైనా మగపిల్లలైనా. కెనాన్ 2900కి ఈ దారి అంత సాఫీగా ఉండదని ముందే తెలుసుకోవాలి. దానికి విండోస్ షేరింగే మేలు.

మైక్రోసాఫ్ట్ పోతున్న దారి చూసినా ఈ మూడో పద్ధతికే ముందు ముందు విలువ. కంపెనీల సొంత ప్రింటర్ డ్రైవర్లను విండోస్ అప్‌డేట్ ద్వారా ఇవ్వడం అంచెలంచెలుగా తగ్గిస్తామని 2023 సెప్టెంబర్‌లోనే ప్రకటించింది. 2026 నుంచి కొత్త డ్రైవర్లు అందులో చేరవని ఆ ప్రణాళికలో ఉంది. అంటే ఇప్పుడు ఉన్న డ్రైవర్ రేపే ఆగిపోతుందని కాదు. కంపెనీ సైట్ నుంచి దించుకున్నది చేత్తో ఎక్కించుకోవచ్చు. కాకపోతే ఆ ఫైలును ఇప్పుడే ఒక పెన్‌డ్రైవ్‌లో దాచుకోవాలి. ఇరవై ఏళ్ల మోడల్ డ్రైవర్‌ను కంపెనీ సైట్లో ఎన్నాళ్లు ఉంచుతుందో ఎవరు చెప్పగలరు?

డాట్ మ్యాట్రిక్స్ వాళ్ల సంగతి వేరు. కార్బన్ బిల్లు కావాల్సినంత కాలం దానికి బదులు లేదు. వెడల్పాటి పాత ప్యారలల్ పోర్టు ఉంటే యూఎస్‌బీగా మార్చే కేబుల్ దొరుకుతుంది. షేరింగ్ పైన చెప్పినట్టే. డాస్ కాలం బిల్లింగ్ ప్రోగ్రాం నేరుగా ఎల్‌పీటీ1కే పంపుతానంటే, "నెట్ యూజ్" అనే కమాండ్‌తో ఆ ఎల్‌పీటీ1ని షేర్ చేసిన ప్రింటర్‌కు మళ్లించవచ్చు. చివర "పర్సిస్టెంట్ ఎస్" అని రాస్తే కంప్యూటర్ ఆఫ్ చేసి వేసినా గుర్తుంటుంది.

లేజర్ ప్రింటర్‌ను మాత్రం కంప్యూటర్ యూపీఎస్‌కు తగిలించొద్దు. లోపలి రోలర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, చిన్న యూపీఎస్ తట్టుకోలేక కంప్యూటర్‌తో సహా ఆగిపోతుంది. గోడ ప్లగ్గుకే పెట్టాలి. ఆ రోలర్ ఉన్న ఫ్యూజర్ భాగం పోయి, కాగితం మీద పౌడర్ చేత్తో తుడిస్తే రాలిపోతుంటే, దాని మరమ్మతు ఖర్చును సెకండ్ హ్యాండ్ ల్యాన్ ప్రింటర్ ధరతో పోల్చి చూసుకోవచ్చు. అప్పుడు పాతదాన్ని వదిలేయడంలో తప్పు లేదు.

చాచా ఆఫీసులో చివరికి చేయాల్సింది ఇంతే. 1020ని కొత్త కంప్యూటర్‌కు మార్చడం, పాస్‌వర్డ్‌తో "ప్రింట్" అకౌంట్ తెరవడం, పక్క గది కంప్యూటర్‌లో డ్రైవర్ ఎక్కించి లోకల్ పోర్టు పెట్టడం. ఆ పాత కంప్యూటర్‌లో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది కాబట్టి దాంతో బ్యాంకు పనులు చేయకపోవడం మంచిది. అంతా అయ్యాక ప్రింటర్ మీద ఒక కాగితం అంటించాలి. కంప్యూటర్ పేరు, షేర్ పేరు, డ్రైవర్ ఉన్న పెన్‌డ్రైవ్ ఏ డ్రాయర్‌లో ఉందో రాయాలి. పాస్‌వర్డ్ మాత్రం దాని మీద రాయొద్దు, అది చాచా డైరీలో ఉండాలి.